కుంచం నెత్తిన కుప్ప



ముందుగా ఒక ప్రశ్న. జవాబు వెంటనే చెప్పేయాలి, లెక్క వేసుకోవద్దు. ఒక డబ్బా ఉంది. అడుగు నుంచి మూతి దాకా ఒకటే వెడల్పు. పక్కన ఒక గరాటు ఉంది, కింద ముక్కు లేకుండా సూదిమొనలా దిగిపోయింది. దాని మూతి డబ్బా మూతి అంతే ఉంది. లోతు కూడా డబ్బా లోతంతే. డబ్బా నిండా బియ్యం పోశాం. అదే బియ్యం గరాటులో పోస్తే ఎంత పడుతుంది?

సగం అన్నారు కదూ. రేడియో ముందు కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ మాటే అని ఉంటారు. అన్నందుకు చిన్నబోనక్కర్లేదు. 499 ప్రాంతంలో ఆర్యభటీయం రాసిన ఆర్యభటుడు కూడా అడుగు మూడు పలకలుగా ఉండి పైకి మొన తేలిన ఘనానికి పరిమాణం చెబుతూ, అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో హెచ్చించి సగం చేయమన్నాడని వ్యాఖ్యాతలు సాధారణంగా అర్థం చెబుతారు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని చెప్పగలిగిన మేధావి ఆయన. అంతటివాడి శ్లోకంలోనే సగం అని ఉందంటే, ఆ సగంలో ఏదో గట్టి ఆకర్షణ ఉండి ఉండాలి.

ఉంది. కాగితం మీద ఒక దీర్ఘచతురస్రం గీసి, దాని అడుగు గీత మీద అంతే ఎత్తున త్రిభుజం గీస్తే, అది సరిగ్గా సగం. చిన్నప్పుడు నేర్చుకున్న ఆ సగం కంటికి అలవాటైపోయింది. గరాటును పక్క నుంచి చూస్తే త్రిభుజంలాగే కనిపిస్తుంది. డబ్బాను పక్క నుంచి చూస్తే దీర్ఘచతురస్రం. కన్ను చూసేది పొడవూ వెడల్పూ మాత్రమే. గరాటు వెనక్కి కూడా సన్నబడుతోందన్న సంగతి దానికి తట్టదు. ఆ సన్నబడడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే సగం నిలవదు. నిజమైన జవాబు మూడో వంతు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ఈ మాట తేల్చి చెప్పాడు: సమంగా తవ్విన గొయ్యి పరిమాణాన్ని మూడుతో భాగిస్తే, సూదిలా మొన తేలిన దాని పరిమాణం వస్తుంది.

బడి పుస్తకాల్లో డబ్బా ఆకారాన్ని స్తూపం అనీ, గరాటు ఆకారాన్ని శంకువు అనీ అంటారు. పదో తరగతి పిల్లలు క్షేత్రమితి పాఠంలో ఈ సూత్రాన్ని వల్లె వేస్తారు. వల్లె వేసినంత మాత్రాన మూడు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అది ఇప్పుడు చూద్దాం. మీరు కూర్చున్న గదే చాలు.

గది పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానం అనుకోండి. పైకప్పు దగ్గర ఒక మూలన బల్లి ఉంది. బల్లి ఉన్న మూలను తాకుతున్నవి మూడు: పైకప్పు, రెండు గోడలు. తాకనివి మూడు: నేల, ఎదురుగా ఉన్న రెండు గోడలు. బల్లి ఉన్న చోటి నుంచి నేల నాలుగు మూలలకూ దారాలు లాగండి. నేల అడుగుగా, బల్లి మొనగా ఒక గోపురం తయారైంది. అలాగే ఎదుటి గోడ నాలుగు మూలలకూ లాగితే ఇంకొకటి. రెండో గోడకు లాగితే మూడోది. మూడింటికీ అడుగులు సమానం, ఎత్తులు సమానం. గదిలో మీరు చెయ్యి ఎక్కడ పెట్టినా ఈ మూడు గోపురాల్లో ఏదో ఒకదానిలోనే ఉంటుంది. గది అంతా మూడు సమాన వాటాలైపోయింది. ఒక్కో గోపురం మూడో వంతు. త్రిభుజం విషయంలో రెండు దిక్కులు కాబట్టి సగం వచ్చింది, ఇక్కడ మూడు దిక్కులు కాబట్టి మూడో వంతు వచ్చింది.

ఇది నలుచదరపు అడుగుకు కుదిరింది, గుండ్రటి అడుగుకు ఎలా అని తెలివైన పిల్లవాడు అడుగుతాడు. అడగాలి కూడా. గోపురాన్నీ, అంతే ఎత్తున్న శంకువునూ పల్చటి పొరలుగా కోసుకుంటూ పైకి వెళ్లండి. సగం ఎత్తుకు చేరేసరికి రెండింటిలోనూ పొర వైశాల్యం అడుగులో నాలుగో వంతే. ముప్పావు ఎత్తులో పదహారో వంతు. రెండూ ఒకే తీరున సన్నబడుతున్నాయి. పొర పొరకీ పోలిక మారనప్పుడు మొత్తానికీ మారదు. మొన మధ్యలో ఉన్నా, బల్లిలా ఒక మూలకు జరిగినా తేడా రాదు. 17వ శతాబ్దంలో ఇటలీలో కవాలియరీ ఈ పొరల ఆలోచనను ఒక పద్ధతిగా నిలబెట్టాడు. అంతకు చాలా ముందే గ్రీకుదేశంలో డెమోక్రిటస్ మూడో వంతు సంగతి చెప్పాడనీ, యూడాక్సస్ దాన్ని మొదట నిరూపించాడనీ ఆర్కిమెడీస్ రాశాడు. యూక్లిడ్ పన్నెండో పుస్తకంలో ఆ నిరూపణ ఉంది. అయితే మన గదిని కోసినట్టు ప్రతి గోపురాన్నీ ముక్కలుగా కోసి, ఘనంగా తిరిగి అతికించి చూపించగలమా? 1900లో గణితజ్ఞుడు హిల్బర్ట్ ఈ ప్రశ్న లేవనెత్తితే, ఆయన శిష్యుడు డేన్ అదే ఏడాది కుదరదని తేల్చేశాడు. పొరలు పొరలుగా కోయడం లాంటి అంతులేని కోతలు తప్ప వేరే దారి లేదన్నమాట.

పిల్లలు చేసి చూడాలనుకుంటే పెన్సిలు తీసుకోండి. పాత క్యాలెండరు అట్ట మీద 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. అందులో 216 డిగ్రీల ముక్క కత్తిరించి రెండు అంచులూ కలిపి అతికిస్తే శంకువు వస్తుంది. మూతి వ్యాసార్ధం 6, నిలువు లోతు 8. ఇంకో అట్ట 38 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పుతో కత్తిరించి, కొద్దిగా ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చుట్టి, 6 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న అడుగు పెట్టండి. ఇది స్తూపం. ఇక్కడ చాలామంది తడబడతారు: శంకువు వాలు 10 సెంటీమీటర్లు కాబట్టి స్తూపం ఎత్తు కూడా 10 పెడతారు. అప్పుడు మూడుసార్లు పోసినా డబ్బా నిండదు, సూత్రమే తప్పని అనుకుంటారు. కొలవాల్సింది వాలు కాదు, నిలువు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. శంకువులో బియ్యం పోశాక స్కేలుతో అంచు మీద గీసి సమం చేయాలి. గీయకుండా కుప్పగా వదిలేస్తే రెండుసార్లు పోశాకే డబ్బా చాలావరకు నిండిపోతుంది.

ఆ కుప్ప దగ్గరే ఇవాళ్టి అసలు కథ మొదలవుతుంది.

మన దమ్మపేట, అశ్వారావుపేట, ములకలపల్లి వైపు పెద్దవాళ్లను అడగండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని గడగడా చెబుతారు. అవన్నీ స్తూపాలే. కానీ గింజలను స్తూపంలో పోసి ఆపేవాళ్లు తక్కువ. అంచు దాటి ఇంకా పోస్తారు. నెత్తిన కుప్ప లేస్తుంది. ఆ కుప్ప శంకువు. పాతకాలపు కొలత అంటే స్తూపం మీద శంకువు. బేరం ఎప్పుడూ స్తూపం దగ్గర తెగదు. తీసుకునేవాడు కుప్పగా పోయమంటాడు. ఇచ్చేవాడు అంచుకు గీస్తానంటాడు. ఆ చెయ్యి ఎటు కదిలిందో చూసి లాభనష్టాలు తెలుసుకునేవాళ్లు.

ఎంత లాభం, ఎంత నష్టం? లెక్క కడదాం. వడ్లు పోస్తే ఏర్పడే వాలు దాదాపు 35 డిగ్రీలు. అంటే మూతి వ్యాసార్ధం 10 సెంటీమీటర్లయితే కుప్ప ఎత్తు 7 సెంటీమీటర్లు వస్తుంది. ఒక కొలపాత్ర మూతి 20 సెంటీమీటర్లు, లోతు కూడా 20 అనుకోండి. కుప్ప ఎత్తు 7, అందులో మూడో వంతు రెండుంబావు కంటే కాస్త ఎక్కువ. అంటే పాత్ర లోతు మరో 2.3 సెంటీమీటర్లు పెరిగినట్టు. నూటికి 12 గింజలు అదనం.

ఇప్పుడు ఇంకో పాత్ర. ఇది కూడా అంచుకు గీస్తే దాదాపు అంతే పడుతుంది, సుమారు ఆరుంబావు లీటర్లు. కానీ లోతు 10 సెంటీమీటర్లే, మూతి వెడల్పు 28. పొట్టిగా, వెడల్పుగా ఉన్న పాత్ర. దీని మీద కుప్ప ఎంత లేస్తుంది? వ్యాసార్ధం 14 కాబట్టి దాదాపు 10 సెంటీమీటర్లు. అంటే పాత్ర లోతు ఎంతో, కుప్ప ఎత్తూ అంతే. అడుగూ ఒకటే, ఎత్తూ ఒకటే, కాబట్టి కుప్పలో ఉన్నది పాత్రలో ఉన్న దానిలో మూడో వంతు. నూటికి 33 గింజలు అదనం. మొదటి పాత్రలో 12, ఇందులో 33. గీసి కొలిస్తే రెండూ ఒకటే, ముద్ర వేసినా రెండింటికీ ఒకే ముద్ర. కుప్పగా కొలిస్తే రెండో పాత్ర ఉన్నవాడు అదనపు గింజలు దాదాపు మూడింతలు దండుకుంటాడు. మోసం చేయడానికి పాత్ర అడుగు పైకి తట్టనక్కర్లేదు, మూతి వెడల్పు చేసుకుంటే చాలు. తెలిసి చేశారో, తెలియక చేశారో గానీ, కొనేవాడి పాత్రకు వెడల్పాటి మూతి ఉంటే నాకు మాత్రం అనుమానమే.

రాజ్యాలకు ఈ సంగతి బాగా తెలుసు. అర్థశాస్త్రంలో తూనికలు, కొలతల అధ్యాయం ఉంది. ఎండిన చేవదేరిన కర్రతో కొలపాత్రలు చేయించాలనీ, పైన లేచే శిఖ నాలుగో వంతు ఉండాలనీ, లేదంటే శిఖ కూడా పాత్ర లోపలే ఇమిడేలా చేయాలనీ కౌటిల్యుడు రాశాడు. నాలుగో వంతు అన్నది మొత్తం కొలతలో అని చదివితే, పాత్రలో మూడు వాటాలు, కుప్పలో ఒక వాటా. మన రెండో పాత్ర లెక్క అచ్చం ఇదే: పాత్ర లోతుకు సమానమైన ఎత్తున కుప్ప. ఎంత వెడల్పు పాత్ర చేయాలో కౌటిల్యుడు విడిగా చెప్పలేదు. శిఖ వాటా ఇంత అని బిగించేస్తే పాత్ర ఆకారం తనంతట తానే బిగిసిపోతుంది. దొంగకు తాళం వేసిన తీరు బాగుంది.

మన దేశంలో 1956 నాటి తూనికలు, కొలతల చట్టం వచ్చి, 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ పద్ధతి మొదలై, 1962 నాటికి తప్పనిసరి అయ్యాక కిలో వచ్చింది, కాటా వచ్చింది. కాటాకు కుప్పా తెలియదు, మూతీ తెలియదు. అయినా కుంచం పూర్తిగా పోలేదు. సంతలో ఇప్పపువ్వు, వేరుశనగ, రేగుపళ్లు డబ్బాతో కొలిచి అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు పైన ఒక పిడికెడు కుప్పగా వేసి ఇస్తారు. అది కొసరు. ఆ కొసరు కూడా శంకువే.

పాత్ర మీది కుప్ప వదిలి, నేల మీది కుప్ప దగ్గరికి వద్దాం. కోతలైన తర్వాత మన వైపు ఎక్కడ చూసినా వడ్ల రాశులే. రోడ్డు పక్కన, కళ్లాల్లో, కొనుగోలు కేంద్రాల్లో పట్టాల మీద ఆరబోసి, సాయంత్రానికి కుప్పలు చేస్తారు. గోనె సంచులు అడగాలన్నా, లారీ మాట్లాడుకోవాలన్నా ముందు ఎన్ని బస్తాలవుతాయో తెలియాలి. తూకం వేయకముందే చెప్పగలిగేవాడు ఊళ్లో ఒకడైనా ఉంటాడు. కుప్ప చుట్టూ నడిచి వస్తాడు, అంతే.

చుట్టూ నడవడంలో చాలా శాస్త్రం ఉంది. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో ధాన్యరాశుల కోసం ఒక భాగమే కేటాయించాడు. సమమైన నేల మీద పోసిన రాశి ఎత్తు కొలవడం కష్టం, మొనకు టేపు పట్టలేం. అందుకని చుట్టుకొలత నుంచి ఎత్తు చెప్పాడు. వడ్ల లాంటి ముల్లున్న ధాన్యమైతే చుట్టుకొలతలో తొమ్మిదో వంతు ఎత్తు. శనగల లాంటి లావు గింజలైతే పదో వంతు. ఆవాల లాంటి సన్న గింజలైతే పదకొండో వంతు. సన్న గింజ ఎక్కువ జారుతుంది, కుప్ప చదునవుతుంది. ఆ తర్వాత పరిమాణం: చుట్టుకొలతలో ఆరో వంతు తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, ఎత్తుతో హెచ్చించాలి. అయిపోయింది. ఇందులో మూడో వంతు ఎక్కడుంది అంటారేమో, ఆ ఆరులో దాగి ఉంది. వృత్తం చుట్టుకొలత వ్యాసానికి మూడు రెట్లని తీసుకుంటే వృత్త వైశాల్యం చుట్టుకొలత వర్గంలో పన్నెండో వంతు. దాన్ని ఎత్తుతో హెచ్చించి మూడో వంతు చేస్తే ముప్పై ఆరో వంతు. ముప్పై ఆరంటే ఆరు ఆర్లు. నోటిలెక్కకు ఇంతకంటే సుళువు ఉండదు.

మన కుప్ప మీద వేద్దాం. చుట్టూ 12 మీటర్లు ఉంది. ఆరో వంతు 2. రెండు రెళ్లు 4. ఎత్తు పన్నెండులో తొమ్మిదో వంతు, అంటే 1.33 మీటర్లు. నాలుగుతో హెచ్చిస్తే 5.33 ఘనపు మీటర్లు. వృత్తానికి మూడుకు బదులు 3.14 వేసి సరిగ్గా కడితే 5.09 వస్తుంది. భాస్కరుడి లెక్క నూటికి 5 లోపు ఎక్కువ చూపిస్తుంది. ఎత్తు అసలు అంచనాయే అయినప్పుడు ఆ మాత్రం తేడా పెద్దదేం కాదు. వడ్లు ఘనపు మీటరుకు రకాన్ని బట్టి, తేమను బట్టి 550 నుంచి 600 కిలోలు తూగుతాయి. 575 వేసుకుంటే 29 క్వింటాళ్లు. 40 కిలోల బస్తాలు 73.

ఇక్కడొక చిత్రం చెబుతాను. చుట్టుకొలత 12 నుంచి 15 మీటర్లకు పెరిగితే కుప్ప కాస్త పెద్దదైనట్టే కనిపిస్తుంది. ధాన్యం మాత్రం దాదాపు రెట్టింపు. చుట్టుకొలత 24 అయితే ఎనిమిది రెట్లు. గింజల వాలు మారదు కాబట్టి చుట్టూ పెరిగిన దామాషాలోనే ఎత్తూ పెరుగుతుంది. పొడవుగా రెండు, వెడల్పుగా రెండు, ఎత్తుగా రెండు, మొత్తం ఎనిమిది. హార్వెస్టరు గొట్టంలోంచి వడ్లు పడుతున్నప్పుడు గమనించండి. మొదట్లో కుప్ప గబగబా లేస్తుంది. నడుము ఎత్తుకు వచ్చాక ఎంత పోసినా పెరిగినట్టు కనిపించదు. గింజలన్నీ అంచులకు జారి వెడల్పులో ఇంకిపోతుంటాయి.

తోడేటప్పుడు ఇది తిరగబడుతుంది. పక్క నుంచి తోడుతుంటే గింజలు జారి మళ్లీ అదే వాలుకు వస్తాయి. అందుకే ఎత్తు సగమయ్యేసరికి కళ్లంలో ఇలాంటి మాట వినపడుతుంది:

"మామా, సగం ఎత్తినం. ఇంక సగముంది. ఈ పూట కాదు."

"సగమెక్కడిదిరా అల్లుడూ? ఇంక గంటలో ఊడ్చుకోవడమే. చాయ్ చెప్పు."

మామే నిజం. సగం ఎత్తు కుప్పలో మిగిలింది ఎనిమిదో వంతు. 73 బస్తాల కుప్పలో 64 కుట్టేశారు, ఇక 9. మామ లీలావతి చదవలేదు. ఏళ్ల తరబడి బస్తాలు మోశాడు.

అన్ని కుప్పలూ గుండ్రంగా ఉండవనీ, కొనుగోలు కేంద్రంలో వడ్లు పొడవుగా గట్టులా పోస్తారనీ మీరనొచ్చు. నిజమే. అక్కడ కంటికి కనిపించే సగం సరైన లెక్కే. పొడవాటి రాశి మధ్యభాగాన్ని అడ్డంగా కోస్తే త్రిభుజం, అది ఒక్క దిక్కుకే సన్నబడుతోంది. అందుకని వెడల్పును ఎత్తుతో, పొడవుతో హెచ్చించి సగం చేయాలి. రెండు కొసలు మాత్రం గుండ్రంగా తిరుగుతాయి. ఆ రెండు కొసలనూ కలిపితే ఒక పూర్తి శంకువు, దానికి మూడో వంతు. మధ్యలో 6 మీటర్ల పొడవు, 3.8 వెడల్పు, 1.33 ఎత్తు ఉన్న రాశి తీసుకోండి. మధ్యభాగం 15.2 ఘనపు మీటర్లు, కొసలు కలిపి 5.1. మొత్తం 20.3, బస్తాలు సుమారు 290. మొత్తానికీ సగం లెక్కే వేస్తే కొసల దగ్గర ఎక్కువ వస్తుంది, మొత్తానికీ మూడో వంతు వేస్తే నిండా మునిగిపోతారు. ఒకే రాశిలో రెండు లెక్కలూ కాపురం ఉంటాయి.

కుప్పను తలకిందులు చేస్తే గొయ్యి. మన పొలాల్లో తవ్వే నీటికుంటలు, ఫాం పాండ్లు, నిట్టనిలువు గోడలతో ఉండవు. మట్టి జారకుండా పక్కలు వాలుగా తవ్వుతారు. పైన వెడల్పు, కింద ఇరుకు. మొన కొట్టేసిన గోపురాన్ని బోర్లించినట్టు. దీన్ని కొలవడానికి రెండు సులువు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఒకటి, పై కొలతా కింది కొలతా కలిపి సగం చేసి, ఆ మధ్య కొలతతో వైశాల్యం కట్టడం. రెండోది, పై వైశాల్యం, కింది వైశాల్యం విడివిడిగా కట్టి వాటి సగటు తీయడం. రెండూ ఒకటేనేమో అనిపిస్తాయి. కావు. పైన 10 మీటర్ల నలుచదరం, కింద 6 మీటర్లు, లోతు 2 అనుకుందాం. మధ్య కొలత 8. ఎనిమిది ఎనిమిదులు 64, లోతుతో 128 ఘనపు మీటర్లు. రెండో పద్ధతిలో 100, 36 కలిపి సగం 68, లోతుతో 136. మట్టి ఒకటే, లెక్కలు రెండు, మధ్యలో 8 ఘనపు మీటర్ల తేడా. కూలి ఘనపు మీటరుకు ఇస్తే ఎవరు ఏ పద్ధతి పట్టుకుంటారో చెప్పక్కర్లేదు.

బ్రహ్మగుప్తుడి దగ్గర దీనికి గొప్ప ఉపాయం ఉంది. ఈ రెండు లెక్కలూ ఆయనకు తెలుసు. మొదటిదాన్ని వ్యావహారికం అన్నాడు, రెండోదాన్ని ఔత్రం అన్నాడు. రెండూ తప్పని పారేయలేదు. రెండింటికీ తేడా తీయమన్నాడు, ఆ తేడాలో మూడో వంతును మొదటిదానికి కలపమన్నాడు. అదే సూక్ష్మ ఫలం. మన కుంటకు వేయండి. తేడా 8, మూడో వంతు 2.67, 128కి కలిపితే 130.67. ఇది ఉజ్జాయింపు కాదు, ఖచ్చితమైన లెక్క. గొయ్యి అడుగు మూసుకుపోయి పూర్తిగా సూదిమొన అయిందనుకోండి. మొదటి పద్ధతి నాలుగో వంతు చెబుతుంది, రెండోది సగం చెబుతుంది. పావుకూ అర్ధానికీ తేడా పావు, దాని మూడో వంతు పావుకు కలిపితే మూడో వంతు. మొదట్లో మనం చెప్పుకున్న సగం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు ఇంకో దారిలో కూడా తెలిసింది: అడుగు వైశాల్యానికీ మొన దగ్గరి సున్నాకూ సగటు తీస్తే సగమే వస్తుంది. ఇన్ని శతాబ్దాల తర్వాత ఈ సవరణ చదువుతుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

తర్వాత ఈ లెక్కల మార్గం మన భాషకూ వచ్చింది. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. అందులో గోతుల లెక్కలకు ఒక అధ్యాయమే ఉంది. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగు కవిత్వం తొలినాళ్లలోనే తెలుగు లెక్క కూడా పద్యం ఎక్కింది.

అడవి అంచున ఉన్నవాళ్లం కాబట్టి దుంగల మాట కూడా ఒక్క నిమిషం. టేకు దుంగ చూడ్డానికి స్తూపం, నిజానికి మొదలు లావు, చివర సన్నం. అంటే స్తూపానికీ శంకువుకూ మధ్యలో ఎక్కడో ఉంటుంది. కర్ర లెక్క కట్టేవాళ్లు నడుమ చుట్టుకొలత తీసుకుని, అందులో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చిస్తారు. చుట్టుకొలత 1.2 మీటర్లు, పొడవు 3 మీటర్లయితే 0.27 ఘనపు మీటర్లు. అసలు స్తూపం లెక్కన 0.34 ఉండాలి. నూటికి 78 మాత్రమే లెక్కకొస్తుంది. బెరడుకూ రంపపు పొట్టుకూ పోయేది ముందే తీసేశారని సమర్థిస్తారు. జామాయిల్ రైతులకు ఈ బాధ లేదు, వాళ్ల కర్ర టన్నుల్లో తూగుతుంది.

ఇన్ని శంకువుల మధ్య స్తూపం ఎంత నమ్మకస్తురాలో చెప్పాలంటే, అప్పారావుపేట, అశ్వారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీల్లాంటి చోట్ల నిలువు ట్యాంకులు చూడండి. నూనె సగం ఎత్తు ఉంటే సగం ఉన్నట్టే, పావు ఎత్తు ఉంటే పావు. కొలబద్ద దించి చదివితే చాలు. అదే ట్యాంకును లారీ మీద పడుకోబెడితే మాట తప్పుతుంది. పడుకున్న ట్యాంకరులో పావు లోతు నూనె ఉందంటే, పట్టే దానిలో ఐదో వంతే ఉంది. మిల్లులో కింద శంకువులా ఉన్న తొట్టి అయితే ఇంకా ఘోరం. శంకువు భాగంలో సగం లోతు మిగిలిందని నిశ్చింతగా భోజనానికి వెళ్తే, వచ్చేసరికి తొట్టి ఖాళీ. మిగిలింది ఎనిమిదో వంతే కదా.

వింటున్న పిల్లలకు ఒక పని చెబుతాను. వడ్లు నడి కళ్లంలో కాకుండా గోడకు ఆనించి పోస్తే అది అర్ధ శంకువు. గదిలో మూలకు పోస్తే పావు శంకువు. ఇంటి బయటి మూలకు ఆనించి పోస్తే ముప్పావు శంకువు. ఈ మూడూ లీలావతిలో ఉన్నాయి. ఉపాయం ఒకటే: కనిపిస్తున్న అంచును కొలిచి పూర్తి వృత్తం చేసుకోవాలి. గోడ దగ్గరైతే రెండుతో, లోపలి మూలైతే నాలుగుతో, బయటి మూలైతే నాలుగు బై మూడుతో హెచ్చించాలి. మొత్తం శంకువు కట్టి, చివర్లో అంతే భాగానికి తగ్గించుకోవాలి. మీ ఇంట్లో గది మూలన వడ్లున్నాయి, అంచు 3 మీటర్లు. నాలుగుతో హెచ్చిస్తే 12, అంటే మనం ఇందాక కట్టిన 73 బస్తాల కుప్పే. అందులో పావు, 18 బస్తాలు. ఇప్పుడు ఇంటి బయటి మూలన 9 మీటర్ల అంచుతో ఇంకో కుప్ప పోశారు. ఎన్ని బస్తాలో కట్టి, మీ మామయ్యనో తాతయ్యనో పిలిచి, వాళ్లు కుప్ప చుట్టూ నడిచి చెప్పిన సంఖ్యతో సరిపోయిందో లేదో చూడండి.